సోమశిల దారి, పాత కారు బ్రేకు

మా అనంతసాగరం చరిత్ర అడిగితే పెద్దవాళ్లు ముందు చెరువు మాట చెబుతారు, ఆ వెంటనే సోమశిల. 1975లో పెన్న మీద ఆనకట్ట పని మొదలై 1989 నాటికి పూర్తయింది. నిండితే 78 టీఎంసీల నీళ్లు. ఇవి అందరూ రాసే లెక్కలు. ఆ పని కోసం ఈ దారిన తిరిగిన జీపులు, లారీలు, అంబాసిడర్ల సంగతి ఎవరూ రాయరు. బండి వచ్చాక దాన్ని విప్పే చెయ్యీ కావాలి కదా! మా వైపు షెడ్ల పనితనం మూలం అక్కడే వెతకాలి.

ఆనాటి జీపులకూ అంబాసిడర్లకూ డ్రమ్ బ్రేకులే. షూలు సర్దడం, లైనర్లు మార్చడం మేస్త్రీలకు వెన్నతో పెట్టిన విద్య. డిస్క్ బ్రేకు అప్పటికే పుట్టి ఉంది. 1953లోనే లె మాన్ పందెంలో జాగ్వార్ దానితో గెలిచింది. అంబాసిడర్ ముందు చక్రాలకు అది చేరేసరికి దశాబ్దాలు గడిచాయి. మేస్త్రీలు పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

పాత కారు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు; తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 140. ఆ తేమకే, డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్‌లో తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది, ప్యాడ్ డిస్కును వదలదు, చక్రం కాలిపోతుంది.

అప్పుడు కాలిపర్ విప్పి, పిస్టన్‌కు ఎదురుగా చెక్కముక్క పెట్టి, ఆయిల్ పైపు బిగించే రంధ్రంలోంచి కొద్దికొద్దిగా గాలి కొట్టి పిస్టన్‌ను బయటికి తెస్తారు. వేలు అడ్డం పెడితే నలిగిపోవడమే. లోపల గాడిలో పలకల అంచులున్న రబ్బరు రింగు ఉంటుంది. బ్రేకు తొక్కితే అది పిస్టన్‌తోపాటు కాస్త ఒరుగుతుంది. వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. వెనక్కి తెచ్చే పని చేసేది ఆ రబ్బరే. కిరసనాయిలుతో కడిగితే అది ఉబ్బి చెడుతుంది కాబట్టి కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి. పిస్టన్ మీద గుంటలు పడితే నున్నగా గీకి సరిపెట్టకూడదు, మార్చాల్సిందే. అన్నీ బిగించాక లైన్లో గాలి తీసేదాకా పెడల్ గట్టిపడదు.

ఇప్పటి కార్లకు కాలిపర్ మొత్తంగా మార్చేయడమే సులువు. ఉత్తరపాడలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది; దానికి కావలసిన ముక్క కోసం తిరిగేకన్నా ఉన్నదాన్ని బాగుచేయగల మేస్త్రీ దొరకడమే మేలు. ఆ మేస్త్రీల పేర్లు సోమశిల శిలాఫలకాల మీద ఉండవు. ఊరి చరిత్రలోనైనా వాళ్ల పనికి నాలుగు వాక్యాలు దక్కాలి.