"పంపాం" అన్నది, చేరలేదు: పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ కథ



స్కాలర్‌షిప్ గడువులు గుర్తుచేయడానికి మా హాస్టల్‌లో ఐదుగురం కలిసి ఒక చిన్న సైట్ కట్టిన సంగతి మీకు తెలుసు. పేరు, మెయిల్ అడ్రస్ ఇస్తే గడువుకు వారం ముందు కబురు పోవాలి. నలభై మంది దాకా పేర్లిచ్చారు. స్క్రీన్ మీద "పంపాం" అనే వచ్చింది. ఒక్కరికీ చేరలేదు. ఇద్దరికి గడువు దాటిపోయింది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లకు ఆ గడువు దాటడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. తప్పు మాదే. ఎక్కడ తప్పామో వెతుకుతూ పోతే ముప్పై ఏళ్ల వెనక్కి పోవాల్సి వచ్చింది.

గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్, ఇంటర్నెట్‌లో పెట్టిన తన రెజ్యూమేని ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోడానికి 1994లో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. పీహెచ్‌పీ అట్లా మొదలైంది. తర్వాత అందులో మెయిల్ అనే ఫంక్షన్ వచ్చింది. ఎవరికి, విషయం, సందేశం, ఈ మూడూ ఇస్తే చాలు, ఒక్క లైను. మేమూ అదే వాడాం.

కానీ ఆ ఫంక్షన్ తానుగా మెయిల్ మోయదు. లినక్స్ సర్వర్‌లో ఉన్న సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాం చేతిలో పెట్టి వచ్చేస్తుంది. మన ఊళ్లకు బస్సు కండక్టర్ చేతికి కాగితం ఇచ్చి పంపుతాం కదా, అట్లాంటిదే. కండక్టర్ తీసుకున్నాడు అంటే ఊళ్లో అందిందని కాదు. ఈ ఫంక్షన్ "ట్రూ" అని చెప్పేది కండక్టర్ తీసుకున్నాడన్న మాట మాత్రమే. మేం దాన్నే "పంపాం" అని రాసుకున్నాం.

సెండ్‌మెయిల్‌ని బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ 1980ల మొదట్లో రాశాడు. మెయిల్ మోసే ఎస్‌ఎంటీపీ పద్ధతిని జాన్ పోస్టెల్ 1982లో రాశాడు. అందులో "నువ్వెవరు, పాస్‌వర్డ్ ఏది" అనే ప్రశ్నే లేదు. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి ఎక్కువగా యూనివర్సిటీలు, పరిశోధనా కేంద్రాలు. ఒకరినొకరు నమ్ముకున్నారు. లాగిన్ పద్ధతి ప్రమాణంగా వచ్చింది 1999లో.

ఈలోపు దొంగలు దారి కనిపెట్టారు. కాంటాక్ట్ ఫారంలో మెయిల్ అడ్రస్ రాసే చోట ఒక కొత్త లైను చేర్చి, "బీసీసీ" అని వందల అడ్రస్‌లు పెడితే చాలు, అమాయకుడి సైట్ నుంచే చెత్త మెయిళ్లు పోయేవి. చవక హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద ఎన్నో సైట్లుంటాయి. ఒకడి తప్పుకు ఆ సర్వర్‌నే బ్లాక్‌లిస్టులో పెడతారు, పక్కోళ్ల మెయిళ్లూ ఆగిపోతాయి. తర్వాత పెద్ద మెయిల్ కంపెనీలు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అని తనిఖీలు పెట్టాయి. డీకిమ్ కోసం మెయిల్ మీద సంతకం కావాలి. మన ఒక్క లైను ఫంక్షన్‌కు సంతకం చేయడమే రాదు.

మరి దాన్ని మార్చడం ఎట్లా? అదే పేరుతో మన ఫంక్షన్ రాస్తే పీహెచ్‌పీ ఒప్పుకోదు, ఈ పేరు ఇప్పటికే ఉందని ఆగిపోతుంది. కొందరు పేరు అట్లాగే ఉంచి, సెట్టింగుల ఫైల్‌లో సెండ్‌మెయిల్ దారి మార్చి వెనకాల ఇంకో ప్రోగ్రాం పెడతారు. వర్డ్‌ప్రెస్ వాళ్లు తమ సొంత ఫంక్షన్ రాసుకుని, కావాలంటే ప్లగిన్లు దాన్నీ మార్చుకునేట్టు వదిలారు. ఎక్కువమంది పట్టుకున్నది మాత్రం పీహెచ్‌పీమెయిలర్‌ని. 2001లో బ్రెంట్ మాట్జెల్ మొదలుపెట్టాడు. అది నేరుగా ఎస్‌ఎంటీపీ సర్వర్‌తో మాట్లాడి లాగిన్ అవుతుంది, ఏమన్నారో తిరిగి చెబుతుంది. తెలుగులో రాసిన విషయాన్ని ముక్కలు కాకుండా పంపుతుంది.

అయితే 2016 డిసెంబర్‌లో దాంట్లోనే పెద్ద కన్నం దొరికింది. డేవిడ్ గొలున్‌స్కీ అనే పరిశోధకుడు బయటపెట్టాడు. పంపేవాడి అడ్రస్‌ని కుట్రగా రాస్తే సర్వర్‌లో తమ ఫైల్ పెట్టి, తమ కోడ్ నడిపించుకోవచ్చు. 5.2.18లో సరిచేశారు, అదీ చాల్లేదు, కొద్దిరోజులకే 5.2.20 వచ్చింది. కారణం చూసి మేం ఆశ్చర్యపోయాం. మనం వేరే చెప్పకపోతే పీహెచ్‌పీమెయిలర్ కూడా లోపల ఆ పాత మెయిల్ ఫంక్షన్‌నే పిలుస్తుంది! ఆ అడ్రస్ అక్కడి నుంచి సెండ్‌మెయిల్ కమాండ్‌లోకి పోయేది.

మేం నవ్వుకోడానికి లేదు. మేమూ అదే చేశాం. పీహెచ్‌పీమెయిలర్ పెట్టేసి, పని అయిపోయిందని టీ తాగాం. ఎస్‌ఎంటీపీ వాడమని చెప్పే లైను మర్చిపోయాం. మళ్లీ "పంపాం", మళ్లీ చేరలేదు. ఆ లైను పెట్టాక మొదటిసారి సర్వర్ నుంచి నిజమైన జవాబొచ్చింది: 535, లాగిన్ తప్పు. తిట్టినా సరే, ఎవరో పలికారు కదా అని సంతోషం వేసింది. పాస్‌వర్డ్ సరిచేశాం. ఇప్పుడు పోతున్నాయి.

డొమైన్‌లో ఎస్‌పీఎఫ్ రికార్డు ఇంకా పెట్టాలి, అది సీనియర్ అన్న పేరు మీద ఉంది, అడిగాం. అప్పటిదాకా పేర్లిచ్చిన వాళ్లు స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. వచ్చే గడువుకు మెయిల్‌తో పాటు మేమే ఒక్కొక్కరికి ఫోన్ చేస్తాం. నంబర్ మారినోళ్లు ఇన్‌బాక్స్‌లో చెప్పండి.