ఎగ్జాస్ట్ డ్రోన్

కంపెనీ బిగించిన సైలెన్సర్ తీసేసి బయట కొన్న ఎగ్జాస్ట్ వేయించిన కారులో, ఒక నిర్దిష్ట ఇంజిన్ వేగం దగ్గర క్యాబిన్ అంతా నిండే ఎడతెగని బొంగురు హోరు. హైవే మీద ఒకే వేగంతో సాగేటప్పుడు ఎక్కువగా వేధిస్తుంది. దూర ప్రయాణంలో డ్రైవరును అలసటకు గురిచేసే ఈ హోరును తేలిగ్గా తీసుకోకూడదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌లో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. అందువల్ల 1,800 ఆర్‌పీఎం దగ్గర వీ8 ఇంజిన్ సెకనుకు 120 పీడన తరంగాలను గొట్టంలోకి తోస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే 60. ఈ పౌనఃపున్యం పైపు లేదా క్యాబిన్ సహజ పౌనఃపున్యంతో కలిస్తే అనునాదం పుడుతుంది.

నమ్మదగిన విరుగుడు జె-పైపు. ఒక చివర మూసిన ఈ పక్క గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు వెల్డింగ్ చేస్తారు. పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. అందులోకి వెళ్లిన తరంగం మూసిన చివర తగిలి, సగం తరంగం ఆలస్యంగా తిరిగొచ్చి అసలు తరంగాన్ని రద్దు చేస్తుంది. లెక్కలో వేడిని మరవకూడదు: 200 డిగ్రీల సెల్సియస్ వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 435 మీటర్లు కాబట్టి 120 హెర్ట్జ్‌కు దాదాపు 90 సెంటీమీటర్ల గొట్టం కావాలి. మామూలు గాలి లెక్కతో 71 సెంటీమీటర్లకు కోస్తే గురి తప్పుతుంది.

ఎగ్జాస్ట్ బాడీకి తగులుతోందేమో, రబ్బరు హ్యాంగర్లు పాడయ్యాయేమో ముందే చూడాలి. డోర్లకూ డిక్కీకీ అతికించే డ్యాంపింగ్ షీట్లు రేకు అదురును తగ్గిస్తాయి. ఇంత తక్కువ పౌనఃపున్యపు హోరుకు వాటి మీద డబ్బు పోయడం వృథా. బయటి ఎగ్జాస్ట్ వేయించేవారు ఇదీ గుర్తుంచుకోవాలి: భారత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పరిమితి మించిన శబ్దం శిక్షార్హం.