చుక్కా గీతా తెలిసిన ఇంట్లో



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మా పెద్దమ్మ అవనిగడ్డలో ఉంది. మేము గిద్దలూరులో. తంతి తీగలు తెగిపోయాయి. తపాలా ఆఫీసులో టక టకమనే యంత్రం మా కోసం ఏమైనా చెబుతుందేమోనని అమ్మ రోజూ వెళ్లి ఆ అరుగు మీద కూర్చునేది. పది రోజులకి ఒక కార్డు ముక్క వచ్చింది, క్షేమమని. ఆ పది రోజులూ మా ఇంట్లో సరిగ్గా పొయ్యి వెలిగిన గుర్తు లేదు నాకు.

తీగ తెగితే కబురు ఆగిపోవలసిందేనా? అక్కర్లేదండీ. హామ్ రేడియో అని ఒకటుంది. మన రేడియోలో వినడమే కాని బదులు చెప్పడం లేదు కదా, ఇందులో రెండూ ఉన్నాయి. సొంత ఇంట్లో చిన్న స్టేషను, డాబా మీద ఒక తీగ, అంతే.

మన దేశంలో 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు, ఆయన వెనుకే ముకుల్ బోసు దీన్ని మొదలుపెట్టారు. 1939లో యుద్ధం రాగానే తెల్లదొరలు లైసెన్సులు రద్దు చేశారు. అయినా 1942లో ఇరవై రెండేళ్ల ఉషా మెహతా, తోటివాళ్లతో కలిసి బొంబాయిలో ఇళ్లు మారుస్తూ రహస్య కాంగ్రెసు రేడియో నడిపింది. నవంబరులో పట్టుబడి జైలుకు వెళ్లింది. ఆడపిల్లకి యంత్రాలెందుకు అనేవాళ్లకి ఈ ముక్క చెప్పండి. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో మౌలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా పుట్టింది. 1983లో మన హైదరాబాదులోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది.

ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు ఇద్దరు పిల్లల తల్లి. 2004 డిసెంబరులో ప్రత్యేక అనుమతితో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, హోటలు గదిలోంచి దేశదేశాల హామ్‌లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీ తెల్లవారుజామున భూమి కంపించింది. "ప్రకంపనలు" అని మైకులో అరిచి బయటికి పరుగెత్తారట. తరువాత సునామీ. ఫోన్లు మూగబోయాయి. ఆవిడ ఊరికి తిరిగి వెళ్లిపోలేదు. మళ్లీ స్టేషను నిలబెట్టి, ఎవరు బతికున్నారో, ఎవరికేం కావాలో రోజుల తరబడి చేరవేశారు. అది వింటూ నేను మా అమ్మనే తలుచుకున్నాను.

సంఘంలో చేరితే చాలుననుకుంటారు కొందరు. కాదు. సంఘం పాఠం చెబుతుంది, తోడుంటుంది. లైసెన్సు ఇచ్చేది మాత్రం కేంద్ర ప్రభుత్వం. పన్నెండేళ్లు నిండితే చాలు, పరీక్ష రాయొచ్చు. రేడియో ఎలా పనిచేస్తుందో, నియమాలేమిటో అడుగుతారు. రిస్ట్రిక్టెడ్ తరగతికి మోర్సు అక్కర్లేదు. జనరల్ తరగతికైతే నిమిషానికి ఎనిమిది మాటల వేగం రావాలి. నెగ్గితే వియు2, వియు3 అక్షరాలతో మీకంటూ ఒక పిలుపు పేరు. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వెయ్యకూడదు. చీటీల గొడవ అసలే కూడదు!

మోర్సు భయపడేంత కష్టం కాదు. పక్కగదిలో ఉండి పాలు పొంగే చప్పుడు పోల్చుకునే చెవికి అదెంత? మా కోడలు మార్కాపురం పలక కొనుక్కొచ్చింది. తను అందులో చుక్కలూ గీతలూ రాస్తుంది, నేను చెంచాతో గిన్నె మీద కొడతాను. ఎ అంటే చుక్కా గీతా. ఎన్ అంటే గీతా చుక్కా. ఆ రెండూ నాకింకా కలిసిపోతూనే ఉన్నాయి. తను మాత్రం వచ్చే పరీక్షకి దరఖాస్తు పెట్టేసింది.