పాస్‌పోర్టు మీద ఊరు పేరు

బోధన్ అంటే ఇప్పటికీ చాలామందికి శక్కర్‌నగరే. 1930ల చివర్లో నిజాం పెట్టించిన చక్కెర ఫ్యాక్టరీ, దాన్ని నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి చెరకు వేసిన రైతులు, తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపించే బజార్లు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. 2021 ఫిబ్రవరిలో బోధన్ మళ్ళీ పేపర్లకెక్కింది, ఈసారి పాస్‌పోర్టుల వల్ల. ఇక్కడి అడ్రసులతో బంగ్లాదేశీయులకు భారతీయ పాస్‌పోర్టులు వచ్చాయన్న కేసు అది. అరెస్టయినవాళ్ళలో పోలీసులూ ఉన్నారు.

పరాయివాడి చేతిలో మన పాస్‌పోర్టు ఎలా పడిందన్నది అప్పటి ప్రశ్న. దాన్ని తిరగేస్తే ఇంకో పాత ప్రశ్న కనిపిస్తుంది: మనవాడి చేతిలో పరాయి పాస్‌పోర్టు ఉంటే?

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం యూనియన్‌లో కలిసింది. ఆ భయంలో కొందరు ముస్లింలు పాకిస్తాన్ వెళ్ళారు. చుట్టాల్ని చూడ్డానికి పోయి అక్కడే ఇరుక్కున్నవాళ్ళూ ఉంటారు. 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పర్మిట్ల స్థానంలో పాస్‌పోర్టులు వచ్చాయి. ఇక ఇంటికి రావాలంటే చేతిలో కాగితం ఉండాల్సిందే. అక్కడ దొరికేది పాకిస్తాన్ పాస్‌పోర్టు. దానిమీద వీసా వేయించుకుని వస్తారు, గడువు తీరుతుంది, దేశం వదిలి పొమ్మని నోటీసు అందుతుంది. పుట్టిన ఊళ్ళోనే మనిషి ఫారినర్ అయిపోతాడు.

1955 పౌరసత్వ చట్టం కింద చేసిన రూల్స్ ఈ పనిని ఇంకా సులువు చేశాయి. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకుంటే, ఆ దేశ పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా తీసుకున్నావనడానికి అదే తిరుగులేని రుజువు. 1957లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ రూలు చెల్లదంది. ఇష్టపూర్వకంగా అన్న మాట చట్టంలో ఉన్నప్పుడు, ఇష్టం ఉందో లేదో చూడకుండా ఎలా తేలుస్తారు? 1962లో సుప్రీంకోర్టు మాత్రం రూలుని నిలబెట్టింది. కానీ అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అప్పీల్లో ఒక సంగతి స్పష్టం చేసింది: పౌరసత్వం పోయిందా లేదా అన్నది తేల్చాల్సింది కేంద్రం. అది తేలేదాకా ఆ కారణంతో రాష్ట్రం ఎవర్నీ వెళ్ళగొట్టకూడదు. 1965లో మద్రాసు నుంచి వచ్చిన కేసులో ఇంకో అడుగు వేసింది. నన్ను బలవంతపెట్టారు, మోసం చేశారు అని చెప్పుకునే అవకాశం ఆ మనిషికి ఇచ్చి తీరాలి.

ఇక్కడ కోర్టు చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. ఇతను మావాడే అని అది తేల్చలేదు. ఎవరు నిర్ణయించారు, ఆ అధికారం వాళ్ళకుందా, అతని మాట విన్నారా అని మాత్రమే అడిగింది. ఆస్ట్రేలియాలో శరణార్థి వీసా దొరకనివాళ్ళు కోర్టుకెళ్ళినా దాదాపు ఇంతే. జడ్జి వీసా ఇవ్వడు. నిర్ణయంలో చట్టపరమైన తప్పుంటే మళ్ళీ విచారించమని వెనక్కి పంపుతాడు. ఈ 'మళ్ళీ' అన్న మాటలోనే ఒక మనిషికి ఇంకొన్నాళ్ళు తన ఇంట్లో ఉండే వీలు దొరుకుతుంది.

మరి మన దగ్గర శరణార్థి సంగతి? భారత్ 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణు కోరే దరఖాస్తుకి మనకు ప్రత్యేక చట్టమే లేదు. దరఖాస్తే లేనప్పుడు తిరస్కరణా ఉండదు, దాన్ని కోర్టు సమీక్షించడమూ ఉండదు. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులు కానివాళ్ళకీ ఉందంది. దేశం నుంచి పంపకుండా ఉండే హక్కు మాత్రం పౌరులదేనంది. నిర్ణీత పద్ధతి పాటించి పంపవచ్చంది. హైదరాబాద్ పాతబస్తీ చివర బాలాపూర్‌లో బతుకుతున్న రోహింగ్యాలకీ వర్తించే మాట ఇది.

1950ల్లో నోటీసు అందుకున్నవాడికి 'నేను ఇక్కడివాణ్ణే' అనే ఒక్క వాక్యం మిగిలింది. కోర్టు ఆ వాక్యాన్ని వినమంది. బాలాపూర్‌లో ఉన్నవాడికి ఆ వాక్యం లేదు. 'వెనక్కి పంపితే చంపేస్తారు' అన్నదే అతనికున్న వాక్యం. దాన్ని ఏ ఫారంలో రాయాలో మన చట్టం ఇంకా చెప్పలేదు.