ఇంక్‌స్కేప్

'''ఇంక్‌స్కేప్''' వెక్టర్ బొమ్మలు, చిహ్నాలు, పోస్టర్లు తయారుచేయడానికి ఉపయోగపడే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. గ్నూ జీపీఎల్ లైసెన్సుతో ఉచితంగా లభిస్తుంది. లినక్స్, విండోస్, మ్యాక్ కంప్యూటర్లపై పనిచేస్తుంది.

== పనిచేసే విధానం ==
గింప్ వంటి సాఫ్టువేర్లు బొమ్మను పిక్సెళ్ళ సముదాయంగా భద్రపరుస్తాయి. అటువంటి బొమ్మను బాగా పెద్దది చేస్తే మసకబారుతుంది. ఇంక్‌స్కేప్ గీతలను, వంపులను గణిత రూపంలో ఎస్వీజీ ఫైలుగా భద్రపరుస్తుంది. అందువలన ఒకే చిహ్నాన్ని లెటర్‌హెడ్‌పైనా, పెద్ద బ్యానరుపైనా స్పష్టత తగ్గకుండా ముద్రించవచ్చు. ఎస్వీజీ 2001లో డబ్ల్యూ3సీ ఆమోదించిన బహిరంగ ప్రమాణం కనుక ఈ ఫైళ్ళను బ్రౌజర్లలో కూడా చూడవచ్చు.

== చరిత్ర ==
దీనికి మూలం సోడిపోడి అనే సాఫ్టువేరు. ప్రాజెక్టు లక్ష్యాల గురించి, ఇతరుల మార్పులను స్వీకరించడం గురించి అభిప్రాయభేదాలు రావడంతో 2003లో నలుగురు అభివృద్ధికారులు సోడిపోడి కోడునే తీసుకొని ఇంక్‌స్కేపును ప్రారంభించారు. కోడును మార్చి పంచుకొనే హక్కును లైసెన్సు అందరికీ ఇవ్వడం వలననే ఇది సాధ్యమైంది. 1.0 కూర్పు 2020లో విడుదలైంది.

== తెలుగు వాడకం ==
పోతన, లోహిత్ తెలుగు వంటి యూనీకోడ్ ఫాంట్లతో గుణింతాలు, ఒత్తులు సరిగా కనిపిస్తాయి. ముద్రణాలయంలోని కంప్యూటరులో అదే ఫాంటు లేకపోతే అక్షరాల రూపం మారిపోవచ్చు. పాఠ్యాన్ని గీతలుగా మార్చి పంపితే ఈ ఇబ్బంది ఉండదు. అయితే ఆ తరువాత అక్షరదోషాలను టైపు చేసి దిద్దడం కుదరదు. కాబట్టి మూల ఫైలును విడిగా దాచుకోవాలి.

== పరిమితులు ==
2024లో వెలువడిన 1.4 కూర్పు వరకు, నాలుగు రంగుల ముద్రణకు కావలసిన సీఎంవైకే పీడీఎఫ్‌ను నేరుగా ఇచ్చే సౌకర్యం ఇందులో లేదు. అందుకు స్క్రైబస్ అనే మరో స్వేచ్ఛా సాఫ్టువేరును ఉపయోగించవచ్చు.

== ఇవి కూడా చూడండి ==
* గింప్
* స్క్రైబస్
* యూనీకోడ్