సెలబీస్ కోతులు

ఇండొనీషియాలోని సులవేసి ద్వీపమునందును, దాని చేరువనున్న మునా, బుటన్ మొదలగు దీవులందును మాత్రమే సహజముగా నివసించు ఏడు జాతుల కోతులకు, ఆ ద్వీపపు పూర్వనామమైన సెలబీస్‌ను బట్టి, సెలబీస్ కోతులని పేరు. ఇవి యన్నియు మకాకా ప్రజాతికి చెందినవగుటచే, తెలుగునాట గుళ్లయొద్దను ఇండ్లపైని కనబడు కోతులకు దాయాదులు.

చరిత్ర: ద్వీపపు ఈశాన్యకొన యందలి శిఖగల నల్లకోతిని (నైగ్రా) ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు డెమారే 1822లో వర్ణించి, దాని పొడవైన మూతిని బట్టి బబూన్లలో చేర్చెను. 1856–59 నడుమ సెలబీసును పలుమారులు దర్శించిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, చేరువనున్న బోర్నియో జంతుజాలముతో ఈ ద్వీపజంతువులకు గల భేదమును గుర్తించి ఆశ్చర్యపడెను. ఇట్టి నల్లకోతియే మొలుక్కా దీవులలోని బచన్ దీవిలో కనబడగా, దానిని మనుష్యులే అచటికి కొనిపోయి యుందురని ఊహించెను. అటుపిమ్మట పలువురు పండితులు వీనిని వేర్వేరు ప్రజాతులుగ విభజించుచు రాగా, అమెరికా శాస్త్రజ్ఞుడు జాక్ ఫూడెన్ 1969లో వీనినన్నిటిని మకాకాలోనే చేర్చి, ఏడు జాతులుగ నిర్ణయించెను. బోర్నియో, సుమత్రాలలోని పందితోక కోతికి సమీపబంధువైన యొక పూర్వజాతి సముద్రము దాటి వచ్చి, ఇచట శాఖోపశాఖలుగ విస్తరించినదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

విభాగము: ఈ జాతులు ఒకే ద్వీపప్రాంతమున నున్నను ఒకే నేలను పంచుకొనవు. ఉత్తర ద్వీపకల్పమున నైగ్రా, నైగ్రెసెన్స్, హెకీ వరుసగా తూర్పునుండి పడమటికిని, మధ్యభాగమున టోంకియానా, నైరృతిని మౌరా, ఆగ్నేయమున ఓక్రియాటా, మునా, బుటన్ దీవులలో బ్రునెసెన్స్ వసించును. దక్షిణాపథమున గోదావరీ ప్రాంతము ఉత్తరాది కోతికిని దక్షిణాది కోతికిని హద్దుగ చిరకాలము పరిగణింపబడినట్లే, ఇచటను జాతికి జాతికి నడుమ హద్దు గలదు. ఆ హద్దులయందు సంకరసంతానము కలుగుచున్నను, అట్టి మండలములు మిగుల ఇరుకైనవి. ద్వీపములోని గోదురుకప్పల వంశశాఖలును ఇంచుమించుగ ఆ సరిహద్దులయందే వేరుపడుచున్నవని 2003లో వెలువడిన యొక పరిశోధన నిరూపించుటచే, కోతులను విడదీసినవి వాని స్వభావములు గాక, ప్రాచీనకాలమున భూభాగమును ఖండించిన నైసర్గిక కారణములే కావచ్చునని తోచుచున్నది.

స్వభావము: ఈ కోతులు ప్రధానముగ ఫలాహారులు, కీటకములను గూడ భక్షించును. ఉత్తర భారతపు కోతులలో అధికారక్రమము కఠినము కాగా, వీనిలో అది సడలియుండును. కలహానంతరము త్వరలోనే సఖ్యము కుదురును.

ప్రస్తుతస్థితి: తోటల విస్తరణముచే అడవులు క్షీణించుటవలనను, ద్వీపపు ఈశాన్యకొన యందలి మినహాసా ప్రాంతమున మాంసమునకై వేటాడుటవలనను నైగ్రా జాతి అత్యంత విపత్కర స్థితిలో నున్నది. దానికి టంకోకో రక్షితారణ్యము ముఖ్యమైన ఆశ్రయము. పూర్వము బచన్ దీవికి చేరిన సంతతియు కొంత ఊరట. తక్కిన యారింటికి ప్రకృతిలో తమ తమ అరణ్యఖండములు తప్ప వేరు దిక్కు లేదు గావున, ఏ జాతి అరణ్యము పూర్తిగ నశించినను ప్రకృతిలో ఆ జాతియే నశింపగలదు.