ఆచార్య రంగాగారు – రైతుస్వామ్యము

రైతుశబ్దము మన భాషకుఁ బరదేశాగతము. అరబీ భాషయందలి దీని మూలపదమునకుఁ గాపరి కాచెడి మంద యనియు, పాలింపఁబడు ప్రజ యనియు నర్థములు. పారసీకముద్వారా పరిపాలనభాషలోఁ జేరి, శిస్తు చెల్లించువానికిఁ బేరై, తుదకుఁ దెలుఁగునాట భూమిని సాగుచేయువానియందు రూఢమయ్యెను. పాలితుఁడను నర్థముగల యీ పేరు వహించినవానిని భూస్వామిగా నిలుపుటకుఁ బాటుపడినవారిలో ఆచార్య గోగినేని రంగనాయకులుగారు ముఖ్యులు. వారి రాజకీయ జీవితమునందు పరస్పర విరుద్ధములుగాఁ దోఁచు ఘట్టములు గలవు. 1936లో జమీందారీల రద్దును గోరిన సంఘమునకుఁ గార్యదర్శియైన వీరే 1959లో సహకార వ్యవసాయమును బ్రతిఘటించిన పక్షమునకు అధ్యక్షులైరి. ఈ రెంటికిని గల సంబంధము విచారణీయము.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు మండలమందలి నిడుబ్రోలున జన్మించిరి. ఆ గ్రామము కృష్ణానది పశ్చిమ డెల్టాలోనిది. అచట రైతువారీ పద్ధతి; అనఁగా సాగుదారు పట్టాదారై శిస్తును సర్కారునకుఁ దానే చెల్లించును; నడుమ జమీందారు లేఁడు. ఉత్తర సర్కారులందలి పెక్కు తావుల స్థితి వేఱు. 1802లో నేర్పడిన శాశ్వత శిస్తు నిర్ణయముచే అచటి గ్రామములు జమీందారుల వశమయ్యెను. 1908 నాఁటి ఎస్టేటు భూముల చట్టము రైతునకు జిరాయితీ హక్కు నొసఁగినను, హెచ్చు శిస్తులు, పుల్లరి, మరమ్మతులేని చెఱువులు మున్నగు బాధలు తొలఁగలేదు. ఒకే మండలమున నీ రెండు పద్ధతులును బ్రక్కప్రక్కన నుండుటచే వాని తారతమ్యము రైతులకుఁ బ్రత్యక్షముగానే కానవచ్చుచుండెను.

రంగాగారు ఆక్స్‌ఫర్డునందు అర్థశాస్త్రము నభ్యసించి, భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థనుగూర్చి గ్రంథము వ్రాసి, చెన్నపట్టణమందలి పచ్చయప్ప కళాశాలలో నాచార్యులైరి. ఆచార్యపదము వారి పేరితో నిలిచిపోవుటకు నదియే కారణము. 1930లో కేంద్ర శాసనసభయందుఁ బ్రవేశించిరి. అప్పటికి ప్రపంచవ్యాప్తమైన ఆర్థిక మాంద్యముచే పంటల ధరలు పడిపోయియుండెను, శిస్తుమాత్రము తగ్గలేదు. రైతులు ఋణగ్రస్తులైరి. 1933లో ఏలూరునఁ గూడిన జమీందారీ రైతుల సభ జమీందారీలను రద్దు చేయవలయునని కోరెను. రంగాగారు నిడుబ్రోలునందు రైతు విద్యాలయమును నెలకొల్పి కార్యకర్తలకు శిక్షణ మిప్పించిరి. 1936 ఏప్రిల్‌లో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ యేర్పడినపుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులును, రంగాగారు ప్రధాన కార్యదర్శియు నైరి.

ఆంధ్ర రైతుల ప్రయత్నములలో నెల్ల దీర్ఘమైనది ఇచ్ఛాపురమునుండి చెన్నపట్టణమునకు సాగిన కాలినడక యాత్ర. రెండువేలకుఁ బైబడిన రైతులు పాల్గొన్న యీ యాత్ర తొమ్మిది మండలములగుండ 130 దినములు నడిచెను. దూరము 1,500 మైళ్లకు మించెను. త్రోవలోఁ గూర్చిన 1,100కుఁ బైఁబడిన విన్నపములు 1938 మార్చి 27వ తేదీన శాసనసభకు సమర్పింపఁబడినవి. ఆ సంవత్సరముననే టంగుటూరి ప్రకాశముగారి అధ్యక్షతను విచారణ జరిపిన సంఘము భూమికి రైతే హక్కుదారని నిర్ణయించెను. అది వెంటనే శాసనరూపము దాల్పలేదు. పదేండ్ల పిమ్మట, 1948 నాఁటి చట్టముచే ఎస్టేటులు రద్దై రైతువారీ పద్ధతిలోఁ గలిసెను.

ఇంతవఱకు వివాదము లేదు. రంగాగారు 1951లోఁ గాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పక్షమును స్థాపించి, 1955లో మరల కాంగ్రెసుతోఁ గలిసిరి. 1959 జనవరిలో నాగపురమునఁ గూడిన కాంగ్రెసు సమ్మిళిత సహకార వ్యవసాయమును దీర్మానింపఁగా, దాని నంగీకరింపక వెలువడి, ఆ యేఁడే రాజగోపాలాచారిగారితోఁ గూడి స్వతంత్ర పక్షమును నెలకొల్పిరి. ఆ పక్షమున మాజీ సంస్థానాధీశులును బెక్కుమంది యుండిరి. జమీందారుల నెదిరించినవారు వారి పంక్తినే కూర్చుండుట వ్రతభంగము గాదాయని పూర్వపక్షము.

సమాధాన మిది. నిడుబ్రోలు పట్టాదారే రంగాగారికిఁ బ్రమాణము. సాగుదారునకు భూమిపై స్వామ్యముండవలెను. వానికిని భూమికిని నడుమ వేఱొక యధికారి యుండరాదు. నాఁడు జమీందారు నట్టి మధ్యవర్తిగా నెంచినట్లే, పిమ్మట సమ్మిళిత క్షేత్రమును నడపు ప్రభుత్వము నెంచిరి. కాన మిత్రులు మాఱిరి, ప్రమేయము మాఱలేదు.

రెండవ యాక్షేపము బలవత్తరమైనది. భూమిలేని పాలేరును, కూలివాఁడును ఈ రైతుశబ్దములోఁ జేరుదురా? 1948 చట్టము పట్టాను జిరాయితీదారున కొసఁగెనేకాని, వాని పొలమునఁ బనిచేయు కూలికిఁ గాదు. రైతు, కూలీ యుభయులును శ్రమజీవులే యను వాదము ధర్మ్యమేయైనను, కూలిరేటు నిర్ణయించు వేళ వారిరువురి లాభమును నొకటి గాదు. సేద్యము చేయువాఁడే స్వామి యను సూత్రమును దుదిముట్ట నన్వయించినచో నాఁగలి పట్టినవానికిని భాగము రావలెను. ఈ పరీక్షకు స్వామ్యసిద్ధాంతము పూర్ణముగా నిలువలేదు.

1967 ఎన్నికలలో స్వతంత్ర పక్షము లోకసభయందు 44 స్థానములతోఁ బ్రతిపక్షములలో మొదటిదయ్యెను. తరువాత రంగాగారు మరల కాంగ్రెసులోఁ జేరి, 1980 మొదలు గుంటూరునకుఁ బ్రతినిధియై, 1995 జూన్ 9వ తేదీన దివంగతులైరి. వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరిడఁబడినది. పాలితవాచకమైన పదము పట్టాదారునకు గౌరవనామమగుట వారి కాలమున సిద్ధించినది. కూలివానికి నది యన్వయించుట సాధ్యముగానే మిగిలినది.